ఈల ఆగిన రెక్క

మైకులు విప్పి మళ్ళీ బిగించాలి. రెక్క వాలు సరిచూడాలి. పెద్ద ఫ్యాను బెల్టు మార్పించాలి. పరీక్షకుడికి గది చూడాలి. పిన్ని ఇంటికి వెళ్ళి బాబాయిని పలకరించి రావాలి.

ఈలమ్మ చివరిది తప్ప అన్నీ చేసింది.

ప్రయోగశాలలో ఆమెను అసలు పేరుతో ఎవరూ పిలవరు. గాలి సొరంగంలో బిగించిన లోహపు రెక్క మీదుగా గాలి పారేటప్పుడు దాని వెనుక అంచు దగ్గర సన్నని కూత ఒకటి పుడుతుంది. అది ఎందుకు పుడుతుంది, ఎలా ఆపాలి అన్నదే ఆమె పరిశోధన. ఈలమ్మ అని పేరు పెట్టింది పిన్ని. పిన్ని చుట్టం కాదు, అక్కడ గదులు ఊడ్చి తుడిచే మనిషి. కానీ తన ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషై, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక బిక్కుబిక్కుమంటూ వచ్చిన ఈలమ్మను ఆ భవనంలో "తిన్నావా?" అని మొదట అడిగింది ఆమే.

"ఏమే, ఇవాళ కూడా దీన్ని ఏడిపిస్తావా? చెవులు చిల్లులు పడుతున్నాయే తల్లీ!"

"ఆపడానికే కదా పిన్నీ ఈ చదువంతా."

"మా ఆయన గురక గురించి కూడా ఇదే మాట. ఆపుతా, ఆపుతా అంటూనే ముసలాడైపోయాడు."

ఆ పిన్ని ఒకరోజు ఇంట్లో బట్టలు ఆరేస్తూ కుప్పకూలింది. మళ్ళీ లేవలేదు. కబురు తెలిసి ఈలమ్మ ఏడ్చింది. పరీక్ష కాగానే వెళ్దామనుకుంది.

తీరా పరీక్షకు సిద్ధమవుదామని గాలి వదిలితే రెక్క కూయలేదు. వేగం పెంచింది, తగ్గించింది. మైకులు మార్చింది. ఊహూఁ. పరీక్షకుడు ముందు కూత వినాలి, తర్వాత ఆమె అంటించే సన్నని పట్టీతో అది ఆగడం చూడాలి. లేకపోతే పట్టా ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

"అసలు కూతే లేకపోతే ఏం ఆపి చూపిస్తావమ్మా?" అన్నారు ఆమె పరిశోధనకు గైడైన సారు. "వాయిదా కోరుతూ రాయమంటావా?"

"ఈ ఒక్క పూట ఆగండి సార్."

అలసిపోయి రెక్క మీద చేయి ఆనించింది. వేళ్ళకు బూడిదరంగు పొడి అంటుకుంది. పక్క గదిలో రంగులవాళ్ళు గోడలు గీకుతున్నారు. ఆ ధూళి వచ్చి రెక్క ముందు అంచున పేరుకుంది.

గాలి నున్నగా పారితేనే ఆ కూత పుడుతుంది. గరుకు తగిలితే గాలి చెదిరిపోతుంది, చెదిరిన గాలికి శ్రుతి కుదరదు. ఇది ఆమెకు తెలియని సంగతి కాదు, తన పరిశోధన గ్రంథంలో తానే రాసింది. కానీ నున్నగా ఉండటం ఆ రెక్క స్వభావం అనుకుంది. రోజూ పొద్దున్నే ఒక చేయి దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి వెళ్తోందన్న ఊహే రాలేదు.

గుడ్డ తీసుకుని తుడిచింది. గాలి వదిలింది. రెక్క గొంతెత్తింది.

"వచ్చేసిందా!" అంటూ సారు వరండాలోంచి పరుగున వచ్చారు. ఈలమ్మ స్టూలు మీద కూలబడి రెండు చెవులూ మూసుకుంది. పిన్ని కోరుకున్న నిశ్శబ్దం ఇందాకటిదాకా ఈ గదిలో ఉంది. పిన్ని లేకపోబట్టే వచ్చింది. దాన్ని ఇప్పుడు తానే తుడిచేసింది.

పరీక్ష అయ్యేదాకా ఆగలేకపోయింది. అప్పటికప్పుడే బయల్దేరింది.

బాబాయి దర్జీ. మిషను ముందు కూర్చుని చొక్కాకు కాలరు కుడుతున్నాడు.

"రావడం ఆలస్యమైంది బాబాయ్."

"పనులుంటాయి కదమ్మా." ఆ మంచితనమే ఎక్కువ గుచ్చుకుంది. "రోజూ ఇంటికి రాగానే మీ పిన్నిది అదే గోల. ఇవాళా ఏడ్చిందయ్యా ఆ రెక్క, మా పిల్ల ఆపేస్తుంది చూడు, అని. ఆగిందా అది?"

"ఆగింది బాబాయ్. పిన్ని రావడం మానేశాక." ధూళి సంగతంతా చెప్పింది. "ఇన్నాళ్ళూ దాన్ని ఏడిపించింది నేను కాదు, పిన్నే. అంత శుభ్రంగా తుడిచేది."

మిషను ఆగింది. "పిచ్చిది. ఇంట్లోనూ అంతే, కడిగిన గచ్చు మీద కాలు పెడితే మమ్మల్నీ ఏడిపించేది" అంటూ నవ్వబోయి, మధ్యలోనే ముఖం తిప్పుకున్నాడు. మెల్లగా అన్నాడు: "ఆ మాట దానికి ఎవరైనా చెప్పుంటే, ఒక్కరోజు గుడ్డ పక్కన పడేసేది కదమ్మా."

ఈలమ్మ మిషను కింద పడ్డ గుడ్డముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు పరీక్ష బాగా జరిగింది. రెక్క కూసింది, పట్టీ అంటించగానే ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం తలెత్తలేదు.

అలాంటి రెక్కలు రేపు మీ ఇంటి ఫ్యాన్లలోకీ రావచ్చు. అవి చప్పుడు చేయకుండా తిరుగుతూ ఉంటే మీకు హాయిగా కన్ను మూతపడిందనుకోండి, ఆ నిశ్శబ్దం కోసం రోజూ పోట్లాడి, ఒక్కసారైనా దాన్ని వినకుండా వెళ్ళిపోయిన పిన్నిని దయచేసి తలుచుకోండి.