చివరి మూరెడు నూలు

పొద్దున ఏడింటికల్లా సిద్దిరాములు తలుపు చెక్కలు తీసి, వాకిట్లో నీళ్ళు చల్లి, బెంచీ తుడిచి, నంబరు చిట్టీల డబ్బా అరుగు మీద పెట్టేవాడు. అప్పటికే అయిదారుగురు వచ్చి కూర్చుని ఉండేవాళ్ళు. కరీంనగర్‌లో బస్టాండు నుంచి కోర్టుకు పోయే దారిలో ఆ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపించేవారు. గుమ్మం మీద బోర్డు కూడా ఉండేది, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి: 'ఇచ్చట దుఃఖము తీయబడును'. పక్క సందులో పళ్ళు పీకే డాక్టరు బోర్డు చూసి రాయించిన మాట అది. ఏ పనికైనా బోర్డు ముఖ్యమని సిద్దిరాములు నమ్మకం.

లోపలి గదిలో అతని భార్య కమలవ్వ రాట్నం ముందు కూర్చునేది. వచ్చినవాళ్ళు ఎదురుగా చాప మీద కూర్చుని ముందు వానల గురించీ, బస్సులో తోపులాట గురించీ మాట్లాడేవారు. ఆమె తొందరపెట్టేది కాదు. మాట అసలు సంగతి దగ్గరికి రాగానే వాళ్ళ పెదవి మీద నూలు కొస తేలేది. దాన్ని వేలితో అందుకుని కండెకు తగిలించి ఆమె రాట్నం తిప్పేది. చెప్పినంతసేపూ నూలు వస్తూనే ఉండేది. వకీలు గుమాస్తాలది సన్నగా పీచుపీచుగా వచ్చేది. పొలం పోగొట్టుకున్నవాళ్ళది ముతకగా, మట్టిరంగులో వచ్చేది. అరగంటయ్యాక నూలు తెంపి, కండె బుట్టలో వేసి, "ఇగ పో బిడ్డా, ఇంత తిని పండుకో" అనేది.

ఇది సిరిసిల్లలో మొదలైంది. కమలవ్వ అక్కడ మగ్గాలవాళ్ళకు కండెలు చుట్టేది. ఒకరోజు పక్కింటి ఐలవ్వ వచ్చి, చచ్చిపోయిన తన చెల్లెలి గురించి చెప్తుంటే నోట్లోంచి నూలు వచ్చింది. ఐలవ్వ ఆ కొసను తనే తీసి అందించి, "జర గట్టిగ పట్టుకోవే, తెగుతది" అంది. అంతే, ఇద్దరూ మళ్ళీ చెల్లెలి మాటల్లో పడ్డారు. సిద్దిరాములు మాత్రం ఆ నూలుకు గంజి పెట్టి చూశాడు. గంజి పట్టలేదు, మగ్గం మీద నిలవలేదు. సర్కారిచ్చే కోటా నూలు కోసం నెలల తరబడి ఎదురుచూసే రోజుల్లో ఇంత నూలు అక్కరకు రాకుండా పోయిందని అతను వారం రోజులు బాధపడ్డాడు. తర్వాత మగ్గం అమ్మేసి, భార్యనూ రాట్నాన్నీ బండెక్కించుకుని కరీంనగర్ వచ్చేశాడు.

అతను గట్టివాడు, ఒప్పుకోవాలి. పొద్దున ఆడవాళ్ళు, మధ్యాహ్నం దాటాక మగవాళ్ళు అని నియమం పెట్టాడు. ఒకే ఊరివాళ్ళిద్దరికి ఒకేరోజు చిట్టీ ఇచ్చేవాడు కాదు. ముందు తలుపున వచ్చినవాళ్ళు ఏడ్చిన మొహంతో మళ్ళీ జనం మధ్య నుంచి పోకుండా పెరటి వైపు ఇంకో తలుపు కొట్టించాడు, అక్కడ ఒక గోళెంలో నీళ్ళూ చెంబూ పెట్టాడు. ఎవరి సంగతీ గడప దాటేది కాదు. జగిత్యాల నుంచి, మంథని నుంచి, గోదావరి దాటి నిర్మల్ నుంచి కూడా జనం వచ్చేవారు. శనివారం శనివారం కండెల బుట్టలు బండి మీద వేసుకుపోయి మానేరులో వదిలేసి వచ్చేవాడు.

కమలవ్వకు ఉన్నది ఒకటే నియమం. చివరి మూరెడు నూలు మనిషిలోనే వదలాలి. దుఃఖమంతా వచ్చేశాక నూలు తెల్లబడేది. ఆ తెల్లని మూరెడులో ఉండేది దుఃఖం కాదు, పోయిన మనిషే. అదీ లాగేస్తే ఆ మనిషి గుర్తు కూడా మిగలదు. నోట్లోంచి వచ్చిన నూలు మళ్ళీ లోపలికి పోదు. అందుకే తెలుపు కనబడగానే ఆమె వేలు దానంతటదే తెంపేసేది. ఆ మూరెడు లోపల మళ్ళీ పెరిగేది, ఆరు నెలలకో ఏడాదికో వాళ్ళు మళ్ళీ వచ్చేవారు. సిద్దిరాములుకు ఈ నియమం బాగా నచ్చింది. అతని కారణం వేరు, పోయిన బేరం మళ్ళీ వచ్చేది.

ఇంత జరుగుతున్నా అతను ఒక్కనాడు కూడా ఆ చాప మీద కూర్చోలేదు. వాళ్ళకు ఒక కొడుకుండేవాడు, కొమురెల్లి. సిరిసిల్లలో ఉన్నప్పుడు నాలుగో ఏట మూడురోజుల జ్వరంతో పోయాడు. ఆరేళ్ళయింది. పూడ్చిపెట్టి వచ్చిన రోజు నుంచీ సిద్దిరాములు నోట ఆ పేరు రాలేదు. కమలవ్వ ఆ మాట ఎత్తబోతే చిట్టీల గురించో సున్నం వేయించడం గురించో మాట్లాడేవాడు. ఊరందరి ఏడుపూ వినే ఆడదానికి తన ఏడుపు చెప్పుకునే చోటు లేదు. రాట్నం తిప్పేవాళ్ళ నోట నూలు రాదు, తిప్పడం ఇంకెవరికీ చేతకాదు. ఆమె ఇంకేమీ కోరుకోలేదు. ఒక్కసారి అతను ఆ పేరు అంటే వినాలని, అంతే.

అరవై ఒకటిలో జనాభా లెక్కల సారు వచ్చాడు. అరుగు మీద కూర్చుని కాగితాలు పరుచుకుని, "ఇంట్ల ఎందరుంటరు?" అన్నాడు.

"ముగ్గురం" అన్నాడు సిద్దిరాములు.

"పేర్లు చెప్పున్రి."

సిద్దిరాములు తన పేరు చెప్పాడు, భార్య పేరు చెప్పాడు. మూడో పేరు దగ్గర నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తర్వాత లేచి, మంచినీళ్ళు తెస్తానని లోపలికి పోయి మళ్ళీ రాలేదు. కమలవ్వే బయటికి వచ్చి, "ఇద్దరమే సారూ, ఇద్దరమే రాసుకోండ్రి" అని పంపించింది.

మరునాడు పొద్దున అతను తలుపు చెక్కలు తీయలేదు. బయట జనం గొణుగుతున్నారు. అతను లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"తిప్పు" అన్నాడు.

కమలవ్వ కొత్త కండె తగిలించింది.

"రెండు నెలల సంది నూలు లేకుండె. అప్పుడే కోటా వచ్చింది. చీర సగం పడ్డది. పిల్లగానికి జెరమొచ్చింది. దవాఖానకు పోదమన్నవు నువ్వు."

"అన్న."

"చీర కోసినంక పోదమని నేనన్న. సగం చీర మగ్గం మీద ఇడిసి గడప దాటొద్దని మా బాపు చెప్పేటోడు. దాటితే ఆ మగ్గం మళ్ల అన్నం పెట్టదని. గా మాట పట్టుకొని కూసున్న."

నూలు నల్లగా, తాడంత లావుగా వచ్చింది. ఆమె రెండు చేతులతోనూ పట్టుకోవలసి వచ్చింది.

"రెండో దినం బాపూ అని పిలిచిండు. నువ్వు నీళ్ళకు పోయినవు. నేను ఇన్న. ఇననట్టు మగ్గంల నాడె ఏసిన. మళ్ల పిలిచిండు. మళ్ల ఏసిన. చీర పొద్దూకినంక కోసిన. అప్పటికి వానికి మాట పడిపోయింది."

రాట్నం ఒక్క క్షణం ఆగింది. మగ్గం చప్పుడులో పిల్లవాడి పిలుపు వినపడి ఉండదని ఆరేళ్ళుగా ఆమె తనకు తాను చెప్పుకుంటోంది. ఆ క్షణంలో అతన్ని చంపేయాలన్నంత కోపం వచ్చింది. కోపంతోనే మళ్ళీ తిప్పింది. అతను ఏడుస్తూ చెప్తూనే ఉన్నాడు. నూలు బూడిదరంగుకు వచ్చింది, సన్నబడింది, తెల్లబడింది. ఆమె వేలు తెంపడానికి లేచింది.

"కొమురెల్లి" అన్నాడు అతను.

వేలు ఆగిపోయింది.

"కొమురెల్లి మగ్గం గుంతల దిగి నా కాలివేళ్ళు లెక్కపెట్టేటోడు. ఏడు దాకనే వచ్చు వానికి. బాపుకు ఏడే వేళ్ళున్నయని వాడకట్టంత చెప్పొచ్చిండు."

తెంపాలి. ఆమెకు తెలుసు. ఎన్ని వందల మందికి తెంపిందో ఆమెకే తెలియదు. కానీ ఆరేళ్ళ ఆకలి ఊరికే కూర్చోదు.

"ఇంకా?" అంది.

"నీ కొంగు నోట్ల పెట్టుకొని నిద్రపోయేటోడు. గుంజితే ఏడ్చేటోడు."

"ఇంకా చెప్పు."

"వాని నెత్తి ఎప్పుడు గంజి వాసనచ్చేది..."

మాట అక్కడ ఆగిపోయింది. నూలు కొస అతని పెదవి మీద నుంచి జారి వచ్చి కండె మీద పడింది. సిద్దిరాములు కళ్ళు తుడుచుకున్నాడు. తడి వేళ్ళ వంక వింతగా చూసుకున్నాడు.

"ఎంత పొద్దెక్కిందే! బయట జనముంటే నన్ను గీడ కూసోబెట్టినవేంది?" అని గబగబా పోయి చెక్కలు తీశాడు.

ఆ రోజు నుంచి అతని మొహం విప్పారింది. ఆకలి పెరిగింది. వచ్చినవాళ్ళతో జోకులేసేవాడు. అందరూ సంతోషించారు. కమలవ్వ నాలుగు రోజులు ఆ కండెను ఒళ్ళోనే పెట్టుకుంది. అతను మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు కొసను అతని పెదవికి ఆనించి చూసింది. లోపలికి పోదని ఆమెకు తెలియక కాదు. అన్నం పెడుతూ ఒకసారి, "కొమురెల్లి యాదికొస్తుండా?" అని అడిగింది.

"ఎవలు? మనకెరికైనోళ్ళ పిల్లగాడా?" అన్నాడు అతను, ముద్ద కలుపుతూ.

శనివారం బుట్టలు నింపుతూ ఆమె ఒళ్ళోని కండె చూశాడు. "ఇది ఎవలిది?"

"కొడుకు పోయిన ఒకాయనది."

అతను చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "పాపం" అని బుట్టలో వేశాడు. ఆమె బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది. ఇంక ఈ లోకంలో ఆ పిల్లవాణ్ణి గుర్తుపెట్టుకున్న తల్లిదండ్రుల్లో ఆమె ఒక్కతే మిగిలింది. కోపం తెచ్చుకుందామన్నా, ఆ చీర కోసినవాడు ఆ బండి మీద లేడు.

ఎండాకాలంలో సిద్దిరాములు కొత్త ఆలోచన చెప్పాడు. "నిర్మల్‌ల కూడ ఒకటి తెరుద్దాం. ఆడ ఇల్లు చూసిన. పదిహేను దినాలీడ, పదిహేను దినాలాడ. మనకేమన్న పిల్లలా జెల్లలా ఫికరు చెయ్యనీకి? రాట్నం బండిలేసుకొని పోవుడే."

"సరే" అంది కమలవ్వ.

నిర్మల్‌లో తెరిచిన రోజే ఇరవై చిట్టీలు పోయాయి. మొదట వచ్చింది బొమ్మలు చేసేవాళ్ళ ఇంటి కోడలు, గంగుబాయి. కొడుకు పోయి నెల కాలేదు. చాప మీద కూర్చోగానే పెదవి మీద నూలు కొస తేలింది. కమలవ్వ దాన్ని అందుకోలేదు.

"నీ పెనిమిటి పిల్లగాని పేరు తీస్తడా?"

"రోజు తీస్తడవ్వా. నేనేడుస్తె ఆయనేడుస్తడు, ఆయనేడుస్తె నేనేడుస్త. ఇంట్ల పొయ్యి ఎలుగుతలేదు. గందుకే వచ్చిన."

కమలవ్వ కొంగుతో ఆమె పెదవి తుడిచింది.

"ఇంటికి పో తల్లీ. ఇద్దరు కూసోని ఏడ్వుండ్రి. నా దగ్గరికి రాకుండ్రి."

గంగుబాయి ఏమీ అర్థంకాక, ముందు తలుపున పోవాలో వెనక తలుపున పోవాలో తెలియక కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది. కమలవ్వ ఖాళీ కండె తగిలించుకుని కూర్చుంది. అరుగు మీద నుంచి సిద్దిరాములు హుషారుగా రెండో నంబరు పిలిచాడు.