చుట్టాలొచ్చారు

ఆ పిల్లకు టముకు అని పేరు పెట్టింది మేస్త్రీ. నోట్లో నువ్వుగింజ నానదని, పొద్దున చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా వీధంతా చాటేస్తుందని అతని గోల. అప్పటికింకా పాలపళ్ళు ఊడుతున్న వయసు దానిది. కుట్టు పూర్తయిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించే షెడ్డులో కిటికీ పక్క పీట మీద కూర్చునేది. ఇన్నాళ్ళకు అదే నోటిని లోకం మెచ్చుకుంది. పిల్లల హక్కుల కోసం గొంతెత్తిన పిల్లలకు ఏటా ఇచ్చే అంతర్జాతీయ బహుమతి ఈసారి టముకును వరించింది.

బహుమతి తెచ్చిపెట్టింది ఒక ప్రసంగం. షెడ్డు నుంచి బయటపడి, ఒక సంస్థవాళ్ళ హాస్టల్లో ఉండి చదువుకుంటూ, పదిహేనో ఏట ఒక పెద్ద సభలో మైకు అందుకుంది. తనిఖీకి ఎవరైనా వస్తే మేస్త్రీ గుమ్మంలోంచి "చుట్టాలొచ్చారు" అని కేకేస్తాడని, ఆ మాట వినగానే పిల్లలంతా వెనక గదిలో ఉన్న గుడ్డపీలికల గుట్టలోకి దూరిపోవాలని, "చుట్టాలు వెళ్ళిపోయారు" అని వినపడేదాకా కన్నతల్లి పిలిచినా కదలకూడదని చెప్పింది. అందరిళ్ళల్లో చుట్టాలొస్తే పిల్లలు గుమ్మంలోకి పరిగెత్తుతారు, మేం పీలికల్లోకి పరిగెత్తేవాళ్ళం అంది. ముందువరసలో కూర్చున్న పెద్దమనుషులు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ముక్క ఫోన్లన్నిటిలో తిరిగింది.

టముకు సభలో చెప్పని సంగతి ఒకటుంది. తను లేచి వచ్చేసిన పీట ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. అమ్మది అదే షెడ్డులో ఇస్త్రీ పని. పెద్దది పోతే చిన్నదాన్ని తెచ్చి కూర్చోబెట్టు, లేదా నువ్వూ రానక్కర్లేదు అన్నాడు మేస్త్రీ. అమ్మ చెల్లిని తెచ్చి కూర్చోబెట్టింది. బట్ట తెగకుండా కత్తెర ఎలా ఆడించాలో, పీలికల కింద దగ్గు రాకుండా ఊపిరి ఎలా బిగబట్టాలో చిన్నదానికి నేర్పింది టముకే, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు. నేర్పకపోతే పిల్ల దొరికిపోయి దెబ్బలు తింటుందని భయం.

అందుకే బహుమతివాళ్ళు పాత షెడ్డులో తన మీద చిన్న సినిమా తీస్తామని, పిల్లల సంక్షేమం చూసే అధికారిణి కూడా వెంట వస్తుందని చెప్పగానే టముకు ఎగిరి గంతేసింది. సినిమా ఎవడిక్కావాలి? ఆవిడ కళ్ళ ముందు చిన్నది దొరికితే చాలు, అక్కడికక్కడే బయటకు తెచ్చి హాస్టల్లో చేరుస్తారు. సినిమా తీసిన రెండు రోజులకే తను బహుమతి కోసం విమానం ఎక్కేస్తుంది. ఆ రోజు తప్పితే అంత పెద్ద అధికారి మళ్ళీ ఆ గుమ్మం తొక్కే ఆశ లేదు. మాట పొక్కితే మేస్త్రీ జాగ్రత్తపడతాడని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి చిన్నదానికి కూడా చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక టముకు నోట్లో నువ్వుగింజ నానడం అదే మొదలు.

వ్యాను ఆగేసరికి మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గుండెల్లో రాయి పడాల్సినవాడు నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. లోపలికి తిరిగి ఫ్యాను వేయమన్నాడు, టీ చెప్పమన్నాడు, కుర్చీలు దులపమన్నాడు. చుట్టాల మాటే ఎత్తలేదు. అయితే పిల్లలెవరూ దాక్కుని ఉండరని టముకు సంబరపడింది. అందరినీ తోసుకుంటూ లోపలికి వెళ్ళింది.

కిటికీ పక్క పీట మీద ఒక ముసలమ్మ కళ్ళజోడు సవరించుకుంటూ దారాలు కత్తిరిస్తోంది. మిగతా పీటల మీద కూడా పెద్దవాళ్ళే. వెనక గదిలో పీలికల గుట్ట లేదు. గోడలకు సున్నం కొట్టి, అట్టపెట్టెలు వరసగా పేర్చి, 'పిల్లలను పనిలో పెట్టుకోము' అని బోర్డు తగిలించారు. టముకు ఒక్కో పెట్టే లాగి చూస్తుంటే మేస్త్రీ తనే వచ్చి సాయం పట్టాడు. అన్నిటిలోనూ చొక్కాలే. టముకు గది మధ్యలో నిలబడి, గొంతు చించుకుని అరిచింది.

"చుట్టాలు వెళ్ళిపోయారు!"

ఉలుకూ పలుకూ లేదు. కెమెరా అతనికి మాత్రం అది తెగ నచ్చింది. వెలుతురు సరిగ్గా పడలేదు, ఇంకోసారి అనమ్మా అన్నాడు. ఇంకోసారి అంది. ఏదో వ్యాను హారను కొట్టిందని మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ అంది. ఆ మూడోసారి గొంతు బొంగురుపోయింది. అదే బాగా వచ్చిందన్నారు.

అప్పుడు టముకు అధికారిణి చెయ్యి పట్టుకుని, మా చెల్లి ఇక్కడే పనిచేస్తోంది, ఎక్కడో దాచారు, మా అమ్మనడగండి అని లాక్కెళ్ళింది. అమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర తల వంచుకుని ఉంది. మేస్త్రీ పక్కనే వచ్చి నిలబడ్డాడు. చిన్నమ్మాయి ఎక్కడుందని అధికారిణి మెల్లగానే అడిగింది.

"మా చెల్లెలింట్లో ఉందండి," అంది అమ్మ.

తలెత్తలేదు. ఇస్త్రీపెట్టె ఉన్నచోటే ఉండిపోయి చొక్కా కాలర్ మాడిన వాసన వచ్చింది. కన్నతల్లి చెప్పాక ఇంకేం అడుగుతారు? నీ ప్రసంగం వల్ల ఇంత మార్పు వచ్చింది చూడు అని అధికారిణి టముకు భుజం తట్టింది. సున్నం కొట్టిన గోడ ముందు నిలబెట్టి నవ్వమన్నారు. టముకు నవ్వింది కూడా. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం చిన్నది అమ్మ వెంట ఇంటికొచ్చింది. జుట్టు నిండా దూది పొట్టు, తెల్లదారాలు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"నీ గొంతు వినపడిందక్కా," అంది రాగానే. "మూడుసార్లు."

"వినపడితే బయటకు రాలేదేమే?"

"ఆ మాట ఇప్పుడు లేదుగా. నువ్వు మైకులో చెప్పావని మార్చేశారు. గది కూడా మార్చేశారు. నువ్వు మమ్మల్ని పరీక్ష చేస్తున్నావేమో అనుకున్నా. పక్కనున్న పిల్ల లేవబోతే నేనే నోరు మూసి పట్టుకున్నా. నువ్వు నేర్పినట్టే ఊపిరి బిగబట్టా. బాగా దాక్కున్నానా?"

టముకు పొద్దున మేస్త్రీ అన్నవన్నీ మనసులో తిప్పి తిప్పి చూసుకుంది. ఫ్యానా, టీయా, కుర్చీలా? ఏది ఆ మాట? ఎల్లుండిలోగా అధికారిణికి ఒక్క ఫోను చేసి ఆ మాట, ఆ చోటు చెబితే చాలు. చెల్లిని ఒళ్ళోకి లాక్కుంది. కొత్త మాటేమిటో, ఎక్కడ దాక్కుంటున్నారో చెప్పమని బతిమాలింది. పొయ్యి దగ్గర అమ్మ చేతిలో గరిటె ఆగింది.

చిన్నది అమ్మ వైపు చూసింది. తర్వాత అక్క వైపు చూసింది.

"చెప్పనక్కా. చెప్తే నువ్వు మళ్ళీ మైకులో చెప్పేస్తావు."

అందులో కోపం లేదు, ఎగతాళి లేదు. అన్నం పెట్టమని అమ్మను అడిగినంత మామూలుగా అంది. టముకు చెల్లి జుట్టులోంచి దారాలు ఏరడం మొదలుపెట్టింది.