కలీపా కోసం శోకం పాట

మా రాజధాని బిష్కెక్‌లో రష్యన్‌లో కవిత్వం రాసే మా గుంపులో పన్నెండు మందిమి. అందరం ముప్పై లోపు వాళ్ళమే. అందరి దగ్గరా ఒక నానమ్మ కవిత ఉంటుంది. అందులో నానమ్మకు రష్యన్ రాదు, మనవరాలికి మా సొంత భాష కిర్గిజ్ సరిగా రాదు, ఇద్దరి మధ్యా టీ చల్లారిపోతూ ఉంటుంది. బయటి దేశాల సంపాదకులకు ఈ చల్లారిన టీ అంటే ప్రాణం. నేను మాత్రం మూడేళ్ళు పంతం పట్టి రాయలేదు. పోయిన చలికాలంలో రాసేశాను. ఊరికే రాసినా బాగుండేది. అందులో మా నానమ్మను చంపేశాను.

చంపడానికి కారణం ఉంది. మా కిర్గిజ్ వాళ్ళలో మనిషి పోతే ఇంటి ఆడవాళ్ళు చావుకని వేసిన గుడారంలో గోడ వైపు తిరిగి కూర్చుని, పోయినవాళ్ళ మీద పాట కట్టి ఏడవాలి. అప్పటికప్పుడు కట్టాలి, కిర్గిజ్‌లోనే కట్టాలి. మా నానమ్మ కలీపా అందులో ఆరితేరిన మనిషి. పక్క జిల్లాలవాళ్ళు కారు పంపించి మరీ పిలిపించుకునేవాళ్ళు. మొదటి మనవరాలినని నన్ను ఏడాది పిల్లప్పుడే తన దగ్గరికి తెచ్చుకుని పెంచింది. రేపు ఆమె పోతే మొదట గొంతెత్తాల్సింది నేనే. రష్యన్ బడిలో చదువుకున్న నాకు కిర్గిజ్ అంటే ఉప్పు, రొట్టె, తలుపెయ్యి, అంతకు మించి తడబాటే. ఆ రోజు నోరు పెగలక మూగదానిలా కూర్చుంటానేమోనని నాకు నిజంగా భయం. ఆ భయాన్నే కవితగా రాశాను.

మార్చిలో అది ఒక ఇంటర్నెట్ పత్రికలో వచ్చింది. ఫొటో కావాలంటే నానమ్మది ఇచ్చాను. వాళ్ళు దాన్ని నలుపు తెలుపు చేసి వేశారు.

నానమ్మ తమ్ముడు తుర్దుబెక్ తాత నరీన్ కొండల్లో ఉంటాడు. ఆ ఊరి బడిలో రష్యన్ చెప్పే టీచరమ్మ ఫోన్‌లో ఆ కవిత చదివి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి ఆయనకు కబురు చెప్పింది. ఒక్క ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా అంటారేమో. చావు కబురు ఎవరూ ఫోన్‌లో అడగరు. లేచి వెళ్ళాలి, అంతే. ఆయన తెల్లారగానే డిక్కీలో గొర్రెను, వెనక సీట్లో ముగ్గురు చుట్టాలను ఎక్కించుకుని బయల్దేరి, మధ్యాహ్నానికి మా వీధి మొదట్లో దిగాడు. అక్కడి నుంచి మగవాళ్ళు ఏడవాల్సిన పద్ధతిలో, ముందుకు వంగి, గొంతెత్తి ఏడుస్తూ నడిచాడు.

ఆ రోజు శనివారం, నేను ఇంట్లోనే ఉన్నాను. నానమ్మ నూడుల్స్‌కి పిండి పిసుకుతోంది. ఏడుపు వినగానే చేతులు దులుపుకుంది.

"ఎవరో పోయారే. పక్కింటి ముసలాయనే అయ్యుంటాడు, పాపం," అంటూ తలగుడ్డ సర్దుకుని బయటికి నడిచింది.

ఏడుస్తూ వచ్చినవాళ్ళకు ఎదురేగి ఏడవకపోతే మర్యాద కాదు. గేటు తీసి, వచ్చింది తమ్ముడేనని చూసి, అతని మెడ చుట్టూ చేతులు వేసి తనూ అందుకుంది. తాత కళ్ళు గట్టిగా మూసుకుని ఏడుస్తున్నాడు, ఎవరిని పట్టుకున్నాడో చూసుకోలేదు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి చాలాసేపు ఏడ్చారు.

"ఎవర్రా పోయింది?" అంది నానమ్మ, ఊపిరి తీసుకునే సందులో.

"నువ్వే అక్కా," అన్నాడు తాత. తర్వాత కళ్ళు తెరిచాడు.

చుట్టాలకు ఎటు చూడాలో తెలియలేదు. డిక్కీలో గొర్రె అరుస్తోంది. గుమ్మంలో నిలబడ్డ నాకు మాత్రం సంగతంతా ఒక్కసారిగా అర్థమైంది.

"నీకెవడు చెప్పాడ్రా?"

"పత్రికలో పడిందంట. రాసింది నీ మనవరాలేనంట."

అందరూ నా వైపు తిరిగారు.

"అది కవిత తాతా, నిజం కాదు," అన్నాను.

"నిజం కానిదాన్ని పత్రికలో ఎందుకేస్తారే?"

ఈ ప్రశ్న మా పన్నెండు మంది ముందూ పెట్టాలనిపించింది.

చావుకని తెచ్చిన గొర్రెను వెనక్కి తీసుకెళ్ళకూడదు. గండం గడిచిందనుకుని కోశారు. తినడం అయ్యాక నానమ్మ చేతులు తుడుచుకుని, "ఏదీ, చదువు," అంది.

"రష్యన్‌లో ఉంది నానమ్మా."

"మన మాటల్లో చెప్పు. నా చావేగా, నాకు తెలియొద్దూ?"

తడుముకుంటూ చెప్పాను. ఖాళీ ఇల్లు, పిండి ఎండిపోయిన గిన్నె, గోడ వైపు తిరిగిన పిల్ల నోటి నిండా మంచు. మా గుంపు కవితలు చదివే కెఫేలో చదివినప్పుడు ఈ మంచు దగ్గర జనం ఊపిరి బిగబట్టారు. మా చాప మీద అది వట్టి మంచు. సిగ్గుతో చితికిపోయాను.

"ఇందులో నువ్వు ఏడ్చింది నీ కోసమే," అంది నానమ్మ. "నేనెక్కడున్నానే? నా పేరు లేదు, ఎవరి కూతురినో లేదు. ఇరవై రెండేళ్ళప్పుడు మంచు తుపానులో నూట నలభై గొర్రెపిల్లల్ని మోసుకొచ్చి బతికించాను, అదీ లేదు. పోయిందెవరో చెప్పకుండా ఏడిస్తే వచ్చినవాళ్ళకెట్లా తెలుస్తుంది?"

"నాకు రాదు నానమ్మా. ఆ రోజు నా నోరు లేవదు. ఆ భయమే రాశాను."

"నాకు చెప్పకుండా లోకమంతా చెప్పుకున్నావా?" అంది నానమ్మ. కోపంగా కాదు, నొచ్చుకుని అంది. నాకు ఏడుపొచ్చింది.

"గోడ వైపు తిరిగి కూర్చో."

తాత చేతిలోని రొట్టెముక్క కింద పెట్టేశాడు. "వద్దక్కా. బతికున్న మనిషికి పాడితే అరిష్టం."

"వీధంతా వినేలా ఏడ్చుకుంటూ వచ్చింది నువ్వే కదట్రా. ఇంకా మిగిలిన అరిష్టమేముంది? నోర్మూసుకుని కూర్చో."

గోడకున్న తివాచీ వైపు తిరిగాను. వెనక నానమ్మ దిండు సర్దుకుని నడుం వాల్చిన చప్పుడు వినిపించింది.

"ముందు పేరు," అంది.

"సదిర్‌కుల్ కూతురు కలీపా."

"రాగం తియ్యవే. హాజరు పిలుస్తున్నావా?"

తీశాను. సదిర్‌కుల్ కూతురు కలీపా, మంచులో నూట నలభై ప్రాణాలు మోసిన కలీపా. తడబడినా మాటలు వచ్చాయి. మూడో చరణం ఆమె చెప్పలేదు, నాకు నేనే కట్టుకున్నాను. ఏడాది పిల్లను ఒళ్ళోకి తెచ్చుకున్న కలీపా, అన్నాను. అక్కడ ఆగిపోయాను.

వెనక తాత మళ్ళీ ఏడుస్తున్నట్టు వినిపించింది, ఈసారి సన్నగా.

"ఆపకు," అంది నానమ్మ నా వెనక నుంచి. "వింటున్నాను."