ఎడమ అంచు పైకి

యోషినో గుండె ఆపరేషన్‌కు డాక్టర్లు తారీఖు చెప్పిన రోజే సుమియే ఇంకో తారీఖు ఖాయం చేసేసింది. వచ్చే నెల చివరి ఆదివారం, పేట సమావేశపు హాల్లో, యోషినో పాటల సాయంత్రం. హాలు మాట్లాడి, కుర్చీలకు చెప్పి, అన్నీ అయ్యాకే యోషినో చెవిన వేసింది. ముందు ఒక తారీఖు కాచుకుని ఉంటే మనిషి ఆసుపత్రి నుంచి తిరిగి రాక తప్పదని ఆమె నమ్మకం. యుద్ధానికి రైలెక్కించి పంపినవాళ్ళు తిరిగిరాని ఇళ్ళు ఆమె చాలా చూసింది. అందులో తన ఇల్లూ ఒకటి.

యోషినో మాత్రం ఆ కత్తులవాళ్ళ దగ్గరికి వెళ్ళనంటే వెళ్ళనని మొండికేసింది. ఇద్దరూ వయసులో ఉండగా రేవు దగ్గర చేపలు ఎండబెట్టే కొట్టులో పక్కపక్కనే నిలబడి పనిచేసినవాళ్ళు. యోషినో పాడుతుంటే పని సాగేది. ఇప్పుడు ఆ గొంతు మెట్లెక్కితే చాలు ఆయాసపడుతోంది.

ఆ సాయంత్రం గురించి గోడల మీద అంటించే కాగితం తానే చెయ్యాలని సుమియే హాలు మేడ మీది కంప్యూటర్ క్లాసులో చేరింది. టీచరు మినోరి, ముప్పై ఏళ్ళన్నా లేని పిల్ల, ఓపిక గలది. పారదర్శకమైన కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు బొమ్మ ఒక పొర, అక్షరాలు ఇంకో పొర అని చెప్పింది. సుమియే తెచ్చిన ఫొటోలో యోషినో కిమోనో కట్టుకుని నవ్వుతోంది, వెనక ఫ్రిజ్జూ ఆరేసిన తువాళ్ళూ. ఫ్రిజ్జు పోయింది, తువాళ్ళు పోయాయి. జుట్టు అంచు కత్తిరించేటప్పుడు చెవి కూడా పోయింది. మళ్ళీ తెచ్చుకున్నారు. తప్పు చేస్తే వెనక్కి తీసుకునే బొత్తాం ఒకటుందని తెలిసిన రోజున సుమియే ఇంటికి వెళ్ళే దారంతా దాని గురించే ఆలోచించింది.

చివరగా మినోరి ఒక మాట చెప్పింది. బొమ్మలో మనిషి కాగితం బయటికి చూడకూడదు, అక్షరాల వైపు చూడాలి, అప్పుడు చదివేవాడి చూపూ అటే పోతుంది. యోషినో బయటికి చూస్తోంది. మరేం ఫరవాలేదని మినోరి బొమ్మను అద్దంలోలా తిప్పే బొత్తాం చూపించింది. సుమియే నొక్కింది. యోషినో చక్కగా అక్షరాల వైపు తిరిగింది. చెయ్యి వణక్కుండా నొక్కినందుకే సుమియేకు సంతోషం.

మర్నాడు తెల్లవారగానే అచ్చయిన కాగితాలు మంగలి కొట్టుకు, మందుల కొట్టుకు, బస్టాపుకు, పేట ఉమ్మడి స్నానాల ఇంటికి అంటించింది. సాయంత్రం మిఠాయి కొట్టు హనావా ఆమెను దారిలో ఆపి గొంతు తగ్గించింది.

"సుమియే-సాన్, యోషినో-సాన్ ఎప్పుడు పోయారు? నాకెవరూ చెప్పలేదే."

సుమియే గిరుక్కున వెనక్కి తిరిగింది. కాగితం దగ్గరికి పోయి చూసింది. కిమోనోకు ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. చిన్నప్పటి నుంచి రోజూ కట్టుకున్న చేతులవి. బొమ్మలో కుడి అంచు పైన ఉంది. అలా కట్టేది శవానికే. బొమ్మను తిప్పితే ముఖంతోపాటు బట్ట కూడా తిరుగుతుందని ఆమెకు తోచనేలేదు. ఆపరేషన్ ఎల్లుండి. నమ్మకంతో నిలబెట్టిన తారీఖు పక్కనే శవానికి కట్టే కట్టు.

మంగలి కొట్టులో పీకింది, మందుల కొట్టులో పీకింది, బస్టాపులో గోళ్ళతో గీకింది. స్నానాల ఇంటికి చేరేసరికి గోడ ఖాళీగా ఉంది. పొద్దున యోషినో-సాన్ తనే తీసుకెళ్ళారని యజమాని చెప్పాడు.

యోషినో ఇంట్లో బల్ల మీద కాగితం పరిచి ఉంది.

"రా. పరామర్శకు వచ్చావా?" అంది యోషినో. "అగరొత్తులు తేలేదేం?"

సుమియే చాప మీదికి తల వంచి క్షమించమంది. చూపు అక్షరాల వైపు ఉండాలన్న సంగతీ, బొత్తాం సంగతీ చెప్పబోయి ఏడ్చేసింది.

"కాగితం మీద ఏడవకు, రంగు కారుతుంది. ముఖం మీద గీతలేమయ్యాయి?"

"కొంచెం తుడిచాను."

"కొంచెమా? మా అమ్మాయి కూడా ఇంత పడుచుగా లేదు. గీతలు కనిపించాయి గానీ అంచు కనిపించలేదు నీకు." యోషినో పాత ముద్దుపేరుతో పిలిచింది. "పొద్దున స్నానానికి పోతే అంతా మాటలాపేశారు సుమీచాన్. జరిగి చోటిచ్చారు. నీళ్ళు ముందు నన్నే పోసుకోమన్నారు. నేను పోయాక ఎలా ఉంటుందో కళ్ళారా చూశాను. ఏం బాగాలేదు. దీనికన్నా ఆ కత్తులే నయం."

సుమియే తలెత్తి చూసింది.

"వెళ్తాను. కానీ దీన్ని సరిచేసేది నా ముందరే. నీ చేతికి వదిలితే ఈసారి శవపెట్టెలో పెట్టేస్తావు."

మర్నాడు క్లాసులో ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చున్నారు. మినోరి నిలబడి వంగి వంగి క్షమాపణ చెప్పింది. తాను కిమోనో కట్టుకున్నది ఒక్కసారే, అదీ ఇంకెవరో కట్టారంది. యోషినో ఆమెను కూర్చోమని, ఈసారి సుమీచానే తిప్పాలంది. బొమ్మ తిరిగింది. ఎడమ అంచు పైకి వచ్చింది. కానీ చూపు మళ్ళీ కాగితం బయటికి పోయింది. సుమియే చాలాసేపు చూసింది. ఇన్ని రోజులూ మనిషిని అటూ ఇటూ లాగిందే తప్ప అక్షరాలను ముట్టుకోలేదు. వాటి పొరను పట్టుకుని మెల్లగా అవతలి పక్కకు జరిపింది. మినోరి చప్పట్లు కొట్టింది.

అక్షరాల లేత గులాబీ రంగు చూసి యోషినో ముఖం చిట్లించింది.

"నా గొంతేమన్నా ఇంత పలచనా? ముదురు చెయ్యి. రోడ్డవతలికి వినపడాలి."

ముదురు చేశారు. గీతలూ వెనక్కి తెచ్చారు, కళ్ళ కిందివి రెండు తప్ప. అవి వద్దని యోషినోయే అంది.

కాగితాలు అచ్చయి వచ్చేసరికి కింద యోషినో మేనకోడలి కారు వచ్చి నిలబడింది. బట్టల సంచి వెనక సీట్లో ఉంది. సుమియే కాగితాలు సర్దుకుని యోషినోతోపాటు కిందికి దిగింది. యోషినో ఆమె చేతిలోంచి ఒక కాగితం, అంటించే టేపు లాక్కుని హాలు తలుపు దగ్గరికి నడిచింది. రెండడుగులకోసారి ఆగింది. తలుపు మీద తనను తాను అంటించుకుని, నాలుగు మూలలూ బొటనవేలితో గట్టిగా నొక్కి, తారీఖు పైకి చదివింది.

"మిగతావి నువ్వు అంటించు. వంకరగా పెట్టావంటే వచ్చి పీకుతా" అని కారెక్కింది.

సుమియే మిగతా కాగితాలు చంకన పెట్టుకుని మంగలి కొట్టు వైపు నడిచింది.