ఇరవై నాలుగు వోల్టుల డబ్బా

దేవకుమార్ స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు క్రేన్ల కరెంటు పని చూశాడు. రిటైరయ్యాక ఇంట్లో చూడ్డానికి క్రేను లేదు గనక, దువ్వాడలోని ఇంటి హాల్లో చేపల తొట్టి పెట్టాడు. డిస్కస్ చేపలు. పళ్లాల్లా గుండ్రంగా ఉంటాయి, మొగుళ్లకంటే ఎక్కువ అలుగుతాయి. నీళ్లు కాస్త చల్లబడితే మేత ముట్టవు.

డిసెంబరు చలికి రెండు చచ్చాయి. గాజు హీటరు పగిలి ఇంకో రెండు పోయాయి. దాంతో ఇసక కింద వేడి తీగ పరుస్తానని, దానికి తక్కువ వోల్టేజీ డబ్బా తనే చేస్తానని కూర్చున్నాడు.

"ప్లాంటులో ట్యాంకుల్లోకి దిగినోళ్లకి ఇరవై నాలుగు వోల్టుల లైట్లే ఇచ్చీవోళ్లం. తడి సేత్తో పట్టుకున్నా ఏటీ అవ్వదు."

అతని భార్య ఎవాంజలిన్ బీఎస్సీ ఫిజిక్స్. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఫిజిక్సు కుక్కరు విజిళ్లు లెక్కపెట్టడంలోనే ఖర్చవుతోంది. అయినా అతను ఆ డబ్బాలోకి రాగి తీగ చుడుతుంటే చూసింది. ఒకటే చుట్ట. గోడ కరెంటు వచ్చేదీ అందులోకే, తొట్టికి ఇరవై నాలుగు వోల్టులు చీలి పోయేదీ అందులోంచే.

"రెండు చుట్టలు విడివిడిగా ఉండాలి కదండీ? ఇలాగైతే గోడ కరెంటుకీ నీళ్లకీ మధ్య అడ్డమేది?"

"రాగి దండగ. మీటరు సూడు, ఇరవై నాలుగే."

వేడి తీగ అతుక్కి టేపు చుట్టి ఇసకలో పూడ్చాడు. ప్లాంటులో తనతో పనిచేసిన గంగరాజు టీ తాగుతూ చూస్తుండగా టెస్టరు నీళ్లలో ముంచాడు. వెలగలేదు.

"టూపిన్ ప్లగ్గు, ఎటైనా దూరుతుంది. తిరగబడితే గోడ కరెంటంతా నీళ్లలోకే వస్తుంది. తిప్పి పెట్టి మళ్లీ చూడండి," అంది ఎవాంజలిన్.

"తిప్పితే ఇరవై నాలుగు నలభై రెండైపోద్దేటి?"

గంగరాజుకి టీ ముక్కుల్లోకి పోయింది. "సెల్లెమ్మా, క్రేన్లు ఆడించినోడికి నువ్వు పాఠాలా!"

తనూ నవ్వేసి కప్పులు తీసుకెళ్లింది. ప్లగ్గు తిప్పి తనే చూడొచ్చు. చూడలేదు. బదులుగా, అతను తొట్టిలో చెయ్యి పెట్టే వేళకి చప్పుడు కాకుండా ప్లగ్గు పీకేసేది, చెయ్యి బయటికొచ్చాక పెట్టేసేది. మొగుడి పరువూ దక్కింది, ప్రాణమూ దక్కుతోంది అనుకుంది.

ఒక ఆదివారం చర్చి చొక్కా ఇస్త్రీ చెయ్యడానికి, హాల్లో ఉన్న సాకెట్టు అదొక్కటే గనక, తొట్టి ప్లగ్గు తీసింది.

"నీళ్లు సల్లారిపోతన్నాయి, బేగి పెట్టీ," అని అరిచాడు. ఎటు పెట్టిందో చూసుకోకుండా పెట్టి, చీర కట్టుకోవడానికి లోపలికెళ్లింది. మేతైతే వేసేశాడు కదా, ఇక నీళ్లలో చెయ్యి పెట్టడనుకుంది. నీళ్లలో తేలిన ఆకు తియ్యబోతాడని ఆమెకి తెలీదు.

తిరిగొచ్చేసరికి అతని ఒక చెయ్యి నీళ్లలో ఉంది, ఇంకోటి ఇనప స్టాండు మీద. ముందు ప్లగ్గు పీకింది, ఆ తర్వాతే మనిషిని ముట్టుకుంది. ఫిజిక్సు మొదటిసారి పనికొచ్చింది. ఆలస్యంగా.

డాక్టర్లు గుండెపోటన్నారు. ఎవాంజలిన్ తల ఊపింది.

మూడో రోజు ప్రార్థనయ్యాక గంగరాజు ఆ డబ్బాకి వైరు చుట్టుకుంటున్నాడు. "మా ఇంట్లోనూ సేపలున్నాయి సెల్లెమ్మా. బావ గుర్తుగా నానట్టుకెళ్తాను. మనవరాలు మేతేసుకుంటాది."

పాడైపోయిందని చెప్పొచ్చు. బాగుచేసుకుంటాడు, ప్లాంటు మనిషి.

"అది కింద పెట్టన్నయ్యా. ఆయనది గుండెపోటు కాదు."

"ఊరుకోమ్మా, ఇరవై నాలుగుకి ఎవులైనా పోతారేటి?"

"నీళ్లలోకొచ్చింది ఇరవై నాలుగు కాదు, గోడ కరెంటు. నాకు తెలుసు. తెలిసీ ఆ ప్లగ్గు పెట్టింది నేనే."

గంగరాజు డబ్బా కింద పెట్టలేదు. చేతిలోని ప్లగ్గుని ఇటూ అటూ తిప్పి చూశాడు.