రుక్కమ్మ చీర కట్టిన డాక్టరు

నమ్మబుద్ధి కానివాళ్లు ఇప్పుడే లేచి చాయ్ హోటల్‌కు పోవచ్చు. సగం విన్నాక అబద్ధమన్నవాణ్ని మాత్రం నాగల్‌గిద్ద దాకా నడిపించి, ఆ బర్రె ముందర నిలబెట్టి, అదే మాట మళ్లీ అనమంటాం.

నాగల్‌గిద్దలో రుక్కమ్మకు పొద్దున లేస్తే ఒకటే పని. లచ్చి అనే బర్రెను పిండడం, పాల క్యాను నారాయణఖేడ్ పోయే ఆటోలో పెట్టడం. ఊరి బయట షెడ్డులో సుధాకర్ అనే డాక్టరు ఉండేవాడు. భయపెట్టే వీడియో గేముల్లో వైరస్ ఎక్కించి జంతువులను ఆయుధాలుగా మార్చడం చూసి చూసి, అలాంటిదాన్ని నిజంగానే చేసి అమ్మాలని అతనికి పిచ్చి పట్టింది. గాలికుంటు టీకా అని చెప్పి లచ్చికీ, దాని దుడ్డెకూ సూది పొడిచాడు.

దుడ్డె ఆ పూటే నురగ కక్కి చచ్చిపోయింది.

"ఏడుస్తవెందుకు? సచ్చింది దుడ్డెనే గదా, మనిషా?" అన్నాడు డాక్టరు.

రుక్కమ్మ ఏడుపు ఆపేసింది. ఆ మాటను పళ్ల కింద బిగబట్టుకుంది.

లచ్చి చావలేదు, పెరిగింది. చింతచెట్టు దాని కడుపు కిందికి వచ్చేది. కొమ్ము తగిలితే ట్రాక్టరు ట్రాలీ దోసకాయలా చీలేది. ఊపిరి వదిలితే కర్ణాటక వైపు కందిచేలన్నీ వాలిపోయేవి. వెన్ను పొడవునా కళ్లు మొలిచాయి. ఊరివాళ్లు దాని తోవలో ఎండబోసిన జొన్నలు పక్కకు జరుపుకున్నారు, అంతే.

"పాలు నీలంగొస్తున్నయట గదక్కా, పెరుగు తోడుకుంటుందా?" అని పక్కింటి చంద్రమ్మ అడిగింది.

"గడ్డ లెక్క తోడుకుంటుంది," అంది రుక్కమ్మ.

డాక్టరు క్రేన్లు పెట్టి లచ్చిని షెడ్డుకు పట్టుకుపోయాడు. అది అతని మాట వినలేదు, షెడ్డు గోడ నమిలింది. కొనేవాళ్లు వచ్చే రోజు రానే వచ్చింది. రోజూ పిండే మనిషి చీర కట్టుకుంటే బర్రె ఎవరికైనా లొంగుతుందని ఊళ్లో ఎవరో చెప్తే, సుధాకర్ రుక్కమ్మ వాకిట్లోకి వచ్చాడు.

"నీ చీర ఒకటియ్యి, రుక్కమ్మా."

"కట్టనొస్తదా సారూ?"

"రాదు."

"నిలబడు, నేనే కడ్త."

దుడ్డె మూతి నురగ తుడిచిన చీరను ఆమె ఉతకకుండా దాచుకుంది. దాన్నే తీసి, గోచీ పోసి, నడుముకు బిగించి ముడేసింది.

"పిల్ల సచ్చిన తల్లి కాడికి పోతున్నవు," అంది మెల్లగా. "నవ్వుకుంట పో."

షెడ్డులో లచ్చి చీర వాసన చూసింది. వెన్ను మీది కళ్లన్నీ చెమ్మగిల్లాయి. పోయిన దుడ్డె దొరికిందనుకుంది. ఆకురాయిలాంటి నాలుకతో డాక్టరును తల నుంచి కాళ్ల దాకా నాకి, పొదుగు కిందికి నెట్టింది. కొనేవాళ్లు కారెక్కి పారిపోయారు. చీర విప్పబోతే లచ్చి కొమ్ములు వంచింది. దుడ్డె వాసన పోతే దానికి కనబడేది సూది పొడిచిన మనిషే.

"రుక్కమ్మా, జల్దీ విడిపియ్యి. నేను మనిషిని," అని మొత్తుకున్నాడు.

"గా ముచ్చట దానికి చెప్పు," అని ఆమె ఇంటిదారి పట్టింది.

ఒకసారి పారిపోయి నారాయణఖేడ్ బస్సెక్కాడు. లచ్చి వచ్చి బస్సును గంపలా పైకెత్తి, డ్రైవరు చేతిలో చాయ్ ఒలకకుండా దించి, అతన్ని కిటికీలోంచి మూతితో లాక్కుపోయింది. ఇప్పటికీ అదే చీరలో, అదే పొదుగు కింద ఉన్నాడు. నీలం పాలు తాగి నిగనిగలాడుతున్నాడు. మాటలు తగ్గాయి, అంబా అనడం పెరిగింది.

ఇంకా అనుమానముంటే ఖేడ్‌లో విచారించండి. ఆ రోజు చీర చూసి డాక్టరుకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు కొట్టిచ్చిన కండక్టరు ఉన్నాడు, పేరు దశరథ్.