పౌరాణికుడు చదివిన టీకా కాగితం

అమృతకలశం చేతబూని పాలకడలి నుండి వెలువడిన ధన్వంతరీ, నీకు నమస్కారం. సూదికి వెరవని ధీరులనూ, వెరచే నావంటివారినీ ఒకే కంట కనిపెట్టే తండ్రీ, ఈ చిన్న కథను నిర్విఘ్నంగా నడిపించు.

ఒక పౌరాణికుడు ఉండేవాడు. నరసింహుడు స్తంభం చీల్చుకొని వచ్చే ఘట్టం ఆయన చెబుతుంటే సభలో పెద్దలకు సైతం ఒళ్ళు జలదరించేది. అంతటి వాగ్ధాటి గల ఆయనకు లోకంలో ఒకే ఒక్క భయం, సూది. కూతురు నిండు చూలాలు. పుట్టబోయే పసికందుకు కోరింత దగ్గు సోకరాదని ఇంటిల్లిపాదీ టీకా వేయించుకున్నారు, ఆయన తప్ప.

"టీకా లేకుండా నా బిడ్డని ముట్టుకోనివ్వను నాన్నా. గుమ్మం దగ్గరే నిలబడి చూసుకో," అని కూతురు తెగేసి చెప్పింది.

మనుమడో మనుమరాలో ఒడిలోకి రావాలని ఏళ్ళ తరబడి కలలు గన్న మనిషి. చేసేది లేక కూతురి వెంట ఆసుపత్రికి వచ్చాడు.

టీకా గది ముందు బల్లలన్నీ నిండి ఉన్నాయి. నర్సమ్మ ఆయన చేతిలో ఒక కాగితం పెట్టింది.

"చదవండి బాబాయిగారూ. టీకా ఎందుకు, ఎవరికి పడదు, వేశాక ఏమవుతుంది, అన్నీ ఉన్నాయి. మీకు అర్థమై, అడగాల్సినవి అడిగాకే సూది. అది మా నియమం."

"అర్థం కాకపోతే?"

"అయ్యేదాకా చెబుతాం."

పౌరాణికుని ముఖం వెయ్యి దీపాలు పెట్టినట్లు వెలిగింది. ఒక్క శ్లోకంతో సాయంకాలమంతా గడపగల వానికి రెండు పుటలు దొరికాయి! గదికి తాళం పడేదాకా లాగవచ్చు. ఆయన లేచి, ఉత్తరీయం సవరించుకొని, ఎలుగెత్తి చదవసాగాడు.

"'ఈ టీకా కోరింత దగ్గు నుండి రక్షణ కల్పించును.' ఆహా! ఎవరికయ్యా రక్షణ? మనకా? ఊపిరి తీయడమే కొత్తగా నేర్చుకుంటున్న పసిగుడ్డుకి! ఆ దగ్గు తెర వస్తే మనమే కూలబడతామే, గుప్పెడు గుండె ఏం తట్టుకుంటుంది?"

"అయ్యో నా తండ్రే!" అంది కూరలమ్మే మామ్మ, కళ్ళొత్తుకుంటూ.

"'వేసిన చోట నొప్పి, స్వల్ప జ్వరము రావచ్చును.' చూశారా నిజాయతీ! పెళ్ళిళ్ళ పేరయ్య అయితే ఈ ముక్క దాచేసేవాడు!"

బల్లల మీదివారంతా గొల్లుమన్నారు.

"'లోగడ టీకా వికటించినవారు ముందుగా తెలుపవలెను.' ఉన్నారా ఎవరైనా?"

ఒక దర్జీ భయంభయంగా చెయ్యెత్తాడు. "నాకోసారి ముఖమంతా వాచిందండీ."

నర్సమ్మ పరుగున వచ్చి అతణ్ణి డాక్టరు దగ్గరికి పంపింది. సభ చప్పట్లు కొట్టింది. "నాకింక సందేహాల్లేవమ్మా, ముందు నన్ను పొడిచెయ్!" అని మామ్మ లేచింది. ఆమె వెనుక బస్సు డ్రైవరు, అతని వెనుక తక్కినవారు. టీకా అయినవారు కాసేపు కదలరాదు గనుక తిరిగి వచ్చి శ్రోతల్లోనే కూర్చున్నారు. పురాణానికి ఇంతకంటే ఏం కావాలి!

"నాన్నా, నీ వంతు!"

"ఉండమ్మా, రెండో పుట రసవత్తరంగా ఉంది. 'పూర్తి రక్షణ కలుగుటకు సుమారు రెండు వారములు పట్టును.' ఆహా! రెండు..."

ఆయన గొంతు ఠక్కున ఆగింది. కూతురి కడుపు వంక చూశాడు.

"తల్లీ, నీ కాన్పు ఎప్పుడన్నారు?"

"పై నెల మొదట్లో. ఇవాళ వేయించుకుంటే సరిపోతుంది. అందుకేగా నిన్ను లాక్కొచ్చింది!"

పౌరాణికుడు లేడిపిల్లలా ఒక్క గెంతులో గదిలో పడ్డాడు. నర్సమ్మ పెట్టె అడుగు తడుముతోంది.

"ఒక్కటే మిగిలింది బాబాయిగారూ. మీ పుణ్యమా అని అందరూ ఎగబడ్డారు. మళ్ళీ వచ్చేది పై నెలే. మీ ముందు ఈయనున్నారు."

కొండంత పహిల్వాను ఒకడు కుర్చీలో చెమటలు కక్కుతున్నాడు. పౌరాణికుణ్ణి చూడగానే ఎగిరి లేచాడు.

"పెద్దలుండగా నేనా? అపచారం! మీరే కానివ్వండి!"

"ఏం నాయనా, భయమా?"

"మరి మీకు?"

"ప్రాణం పోతోంది. కాస్త చెయ్యి పట్టుకో."

ఇద్దరూ చేతులు పెనవేసుకొని కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"ఎప్పుడు పొడుస్తావమ్మా?"

"పొడిచి దూది కూడా పెట్టేశాను."

ఆయన కంటే ముందు పహిల్వాను "అమ్మయ్య" అన్నాడు.

పై నెల మొదట్లోనే ఆడపిల్ల పుట్టింది. కూతురు తానే తెచ్చి ఆయన ఒడిలో పడుకోబెట్టింది. మాటల పుట్ట అయిన ఆ మనిషి ఆ పూటంతా ఆ చిన్ని ఊపిరి చప్పుడు వింటూ కూర్చున్నాడు.

ఈ కథ విన్నవారి ఇళ్ళలో పసివారు దగ్గు పేరెరుగక నిద్రింతురు గాక. వారిని ఎత్తుకొనే చేతులు పదికాలాలు చల్లగా ఉండు గాక.